పాతికేళ్ల గెస్ట్ లాగిన్

మన క్యాంపస్‌లో ప్లేస్‌మెంట్స్ తర్వాత పెద్ద టాపిక్ వీసానే. అక్కడ ఎయిర్‌పోర్టులో దిగాక ఆఫీసర్ ఏం అడుగుతాడు, ఫోన్ చూస్తాడా, బ్యాంకు కాగితాలు చేతిలోనే పెట్టుకోవాలా అని సీనియర్లను అడుగుతూనే ఉంటాం. మా ఇటిక్యాల నుంచి హైవే ఎక్కితే శంషాబాద్ దాకా ఏ చింతా లేదు. భయమంతా అవతలి కౌంటర్ దగ్గరే. అందుకే ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చదివినప్పుడు, ఆయన కనిపెట్టిన మందుల కన్నా ముందు ఆయన కాగితాల సంగతి మీదికే నా మనసు పోయింది.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది, పూర్తి డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. 1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి డబ్బుతో ఓడెక్కి బోస్టన్ చేరారు.

అప్పటి అమెరికా రూల్స్ చూస్తే మనవి నయం అనిపిస్తుంది. 1917 చట్టం ప్రకారం మన దేశం నుంచి కూలి పనికి వెళ్లేవాళ్లకి తలుపు మూసేశారు. విద్యార్థులకి మాత్రం మినహాయింపు. రేవులో ఒంట్లో రోగముందా అని చూసేవాళ్లు. ఈ మనిషి రేపు ప్రభుత్వానికి భారం అవుతాడని ఆఫీసర్‌కి అనిపిస్తే చాలు, వెనక్కి పంపేయొచ్చు. ఆ అనిపించడానికి కొలత ఏమిటో నాకైతే అర్థం కాలేదు!

లోపలికి రానిచ్చినా అక్కడితో అయిపోలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే ఆయన కేసులో, భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అంటే సుబ్బారావు గారికి ఉన్నది గెస్ట్ లాగిన్ మాత్రమే. ఎంత పనిచేసినా అకౌంట్ అప్‌గ్రేడ్ కాదు.

పనేమో మామూలుగా చేయలేదు. ఖర్చుల కోసం రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. పగలు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాల్లో శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పనిచేశారు. ఇంటర్ బయాలజీలో ఏటీపీ చదివిన మనలో ఎంతమందికి ఈ పేరు చెప్పారు? హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం దక్కక 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. సరిగ్గా ఆ ఏడాదే, పౌరులు కానివాళ్లంతా వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేసుకోవాలని చట్టం వచ్చింది. ఆ లెక్కలో ఆయనా ఒకరు.

లెడర్లీలో ఆయన నడిపిన టీమ్ ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి చికిత్స చేశాడు. బోదకాలు రాకుండా ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర వెనకా, ఆరియోమైసిన్ వెనకా ఉన్నది ఆ ల్యాబే.

1946 జులైలో చట్టం మారింది. ఏడాదికి వందమంది భారతీయులు వలస రావచ్చు, పౌరులు కావచ్చు అన్నారు. వందమంది! మా ఊరి ఒక్క వీధి జనం. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు, 53 ఏళ్లకి. అప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాదు. వెళ్లాక ఒక్కసారి కూడా ఇండియాకి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.