ఫిడేలు నాయుడు గారు

మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలకు డప్పు దెబ్బ తెలుసు, ఒగ్గు కథ తెలుసు, దండారి ఆట తెలుసు. కచేరీ సంగీతం మాత్రం మనకు కొంచెం దూరమే. రేడియోలో వయొలిన్ మొదలు కాగానే స్టేషన్ మార్చేవాళ్లమే మనలో ఎక్కువ. అయినా ఈ వార్షికోత్సవ సంచికలో ఒక వయొలిన్ విద్వాంసుని జీవితాన్ని మిత్రుల ముందుంచుతున్నాము. కారణం ఆయన సంగీతం ఒక్కటే కాదు. చూపు చాలక చదువు ఆగిపోయిన ఒక పిల్లవాడు ఎలా నిలబడ్డాడో హాస్టల్ పిల్లలమైన మనం తెలుసుకోవాలి.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబర్ 8న, దీపావళి పండుగ నాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. బాల్యం గడిచింది విశాఖపట్నంలో. చిన్నతనం నుంచే ఆయనకు చూపు మందం. అందువల్ల బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ రోజుల్లో అలాంటి పిల్లవాడిని ఇక పనికిరాడని వదిలేయడమే లోకం తీరు. కానీ ఆయనకు ఒక అన్న ఉన్నాడు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు తమ్ముడి చేతికి ఫిడేలు ఇచ్చి నేర్పించారు. కన్ను చేయలేని పనిని చెవి చేసింది. విన్నది పట్టుకోవడం, పట్టుకున్నది వదలకుండా సాధన చేయడం, ఇవే ఆయన పుస్తకాలయ్యాయి.

1919లో విజయనగరం మహారాజా వారు ఒక సంగీత పాఠశాల స్థాపించారు. చూపులేని ఒక బాలుడికి సంగీతం నేర్పించాలనే ఆలోచనతోనే అది మొదలైందని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. నాయుడు గారు విద్యార్థిగా చేరదామని అక్కడికి వెళితే, ఆయన వాయిద్యం విని ఏకంగా ఆచార్యునిగా నియమించారని ప్రతీతి. బడి చదువు పూర్తి చేయని మనిషి సుమారు 26 ఏళ్ల వయసులో పాఠం చెప్పే కుర్చీలో కూర్చున్నారు. 1936లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. నేదునూరి కృష్ణమూర్తి, పి. సుశీల వంటి వారు ఆ కళాశాలలో చదువుకున్నవారే.

వయొలిన్ మన దేశంలో పుట్టిన వాద్యం కాదు. యూరప్ నుంచి వచ్చి, సుమారు 200 ఏళ్ల క్రితం కర్ణాటక సంగీతంలో చేరింది. అక్కడివాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చుని, ఒక కొస ఛాతీకి, మరో కొస పాదానికి ఆనించి వాయిస్తారు. కచేరీలో దాని స్థానం పక్కవాద్యం. గాయకుడు పాడింది పాడినట్టు వెంట రావడమే దాని పని. నాయుడు గారు అరియకుడి రామానుజ అయ్యంగార్ వంటి మహా గాయకులకు అలాగే సహకారం అందించారు.

అయితే వయొలిన్ ఒంటరిగా కచేరీ నిలబెట్టగలదని ఆయన నమ్మారు. 1938లో వేలూరులో తొలి సోలో కచేరీ చేశారు. ఇది చెప్పినంత సులువు కాదు. పాటకు మాట అండగా ఉంటుంది. భక్తి అయినా విరహమైనా మాట వినగానే శ్రోతకు తెలిసిపోతుంది. తంత్రికి మాట లేదు. నాలుగు తీగలు, ఒక కమానుతోనే రెండు మూడు గంటలు జనాన్ని కూర్చోబెట్టాలి. ఆయన కమానును పొడవునా, నిండుగా లాగేవారు. స్వరం తెగకుండా, మనిషి గొంతు పాడుతున్నట్టే వినిపించేది. జనం ఆయనను ఫిడేలు నాయుడు గారని పిలుచుకున్నారు.

ఆయన వాయిద్యం గ్రామఫోన్ రికార్డులలోకి కూడా వెళ్లింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. ఒక్కో వైపు మూడు, నాలుగు నిమిషాలు మాత్రమే పట్టేది. కచేరీలో అరగంట పెంచే రాగాన్ని ఆ కొద్ది నిమిషాల్లో, దాని రూపం చెడకుండా చూపించాలి. ఇప్పటిలా ముక్కలు అతికించే వీలు లేదు. తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి వాయించాల్సిందే. అందుకే ఆ రికార్డులలో వృథా స్వరం ఒక్కటీ వినిపించదు. ఇవాళ అవి సెల్ ఫోన్లో కూడా దొరుకుతున్నాయి. సూది గీత శబ్దం వెనుక నుంచి ఆ నాదం ఇప్పటికీ స్పష్టంగా వినవచ్చు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ 1952లో భారతదేశం వచ్చినప్పుడు ఆయన వాయిద్యం విని ఎంతో మెచ్చుకున్నారు. ఇంత పేరు వచ్చినా నాయుడు గారు తన బాల్యాన్ని మరువలేదు. చూపులేని పిల్లల చదువుకు నిధుల కోసం ఢిల్లీలో కచేరీ చేశారు. 1964 నవంబర్ 25న కన్నుమూశారు. 1993లో, శతజయంతి సందర్భంగా, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మిత్రులారా, ఈ కథ విని కష్టపడితే ఏదైనా సాధించవచ్చని ఒక్క మాటతో ముగించడం మాకు ఇష్టం లేదు. ఆయన కష్టపడ్డారు, నిజమే. కానీ చేయి పట్టుకుని నేర్పిన అన్న లేకపోతే, సర్టిఫికెట్ అడగకుండా విద్యను చూసిన కళాశాల లేకపోతే, ఆ కష్టం విశాఖపట్నంలో ఒక ఇంట్లోనే ఉండిపోయేది. ఊరు వదిలి, అమ్మానాన్నలను వదిలి వచ్చిన మనకు హాస్టల్లో సీనియర్లే అన్నలు, అక్కలు. బోర్డు మీది అక్షరాలు కనిపించక పక్కవాడి నోట్సు చూసి రాసుకునే తమ్ముడు, చెల్లి ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. వారిని మొద్దు అని పిలవకండి. వార్డెన్ గారికి చెప్పి కంటి పరీక్ష చేయించండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి, రాత్రి స్టడీ అవర్లో పాఠం చదివి వినిపించండి. పూర్వ విద్యార్థులు తలుచుకుంటే ఒక జత కళ్లద్దాలు పెద్ద ఖర్చు కాదు. వారి చేతిలో ఏ విద్య దాగి ఉందో ఎవరికి తెలుసు!