చేతిలో స్పానర్.. ఒంటరిగా ఆస్ట్రేలియాకు! ఈ లేడీ పైలట్ కథ తెలుసా?

లండన్ సైన్స్ మ్యూజియంలో ఒక చిన్న ఆకుపచ్చ విమానం ఉంది. పేరు జేసన్. రెక్కలకు చెక్క, బట్ట.. పైలట్ తల మీద కప్పు కూడా లేదు. దీంట్లోనే 26 ఏళ్ల అమ్మాయి ఒంటరిగా ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా వెళ్లింది. ఆమే అమీ జాన్సన్.

1903లో ఇంగ్లండ్‌లోని హల్ అనే రేవు పట్నంలో పుట్టారు. నాన్నది చేపల వ్యాపారం. షెఫీల్డ్ యూనివర్సిటీలో డిగ్రీ చేసి, లండన్‌లో ఒక లాయర్ ఆఫీసులో ఉద్యోగంలో చేరారు. ఖాళీ దొరికితే చాలు.. స్టాగ్ లేన్ ఫ్లయింగ్ క్లబ్‌లో ఉండేవారు. విమానం నడపడం ఒక్కటే నేర్చుకుని ఊరుకోలేదు. హ్యాంగర్‌లో మగవాళ్ల మధ్య నిలబడి, చేతులకు గ్రీజు పూసుకుని ఇంజిన్లు విప్పారు, బిగించారు. 1929లో గ్రౌండ్ ఇంజినీర్ లైసెన్స్ సాధించారు. బ్రిటన్‌లో అది అందుకున్న మొదటి మహిళ ఆమే!

నాన్న, లార్డ్ వేక్‌ఫీల్డ్ అనే ఆయిల్ వ్యాపారి సాయం చేయడంతో 600 పౌండ్లకు ఒక సెకండ్ హ్యాండ్ జిప్సీ మాత్ కొన్నారు. నాన్న చేపల వ్యాపారం ట్రేడ్‌మార్క్ 'జేసన్' పేరే దానికి పెట్టారు. అప్పటికి ఆమె ఒంటరిగా చేసిన పెద్ద ప్రయాణం లండన్ నుంచి హల్ దాకానే!

1930 మే 5న క్రోయ్‌డన్‌లో గాల్లోకి లేచారు. రేడియో లేదు. ఉన్నవల్లా మ్యాపులు, దిక్సూచి. పగలంతా విమానం నడపడం, దిగిన చోట ఇంజిన్ సర్వీసింగ్.. రెండూ ఆమే. ఆరు రోజుల్లో అప్పటి మన కరాచీ చేరి రికార్డు కొట్టారు. తర్వాత పెట్రోల్ అయిపోవస్తే ఝాన్సీలో సైన్యం పరేడ్ గ్రౌండ్‌లో దించేశారు. రెక్క దెబ్బతింటే బాగు చేయించుకుని మళ్లీ బయలుదేరారు.

అసలు కష్టం రంగూన్ దగ్గర వచ్చింది. రేస్‌కోర్స్ అనుకుని ఒక టెక్నికల్ కాలేజీ గ్రౌండ్‌లో దిగితే విమానం గుంటలో పడింది. ప్రొపెల్లర్ విరిగింది, రెక్క చిరిగింది. అక్కడివాళ్లు విమానం బట్టతో కుట్టిన చొక్కాలు విప్పి రెక్కకు అతికించారు. ప్రొపెల్లర్ మాత్రం ఆమె వెంటే ఇంకోటి ఉంది! ఈ ఆలస్యంతో బెర్ట్ హింక్లర్ 15 రోజుల రికార్డు చేజారింది. అయినా మే 24న డార్విన్‌లో దిగారు. ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానంలో వెళ్లిన మొదటి మహిళగా చరిత్రకెక్కారు.

1932లో పైలట్ జిమ్ మాలిసన్‌తో పెళ్లి, 1938లో విడాకులు. యుద్ధం వచ్చాక ఫ్యాక్టరీల నుంచి, స్థావరాల నుంచి యుద్ధ విమానాలను చేరవేసే ఏటీఏలో చేరారు. 1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కిడ్లింగ్టన్‌కు బయలుదేరారు. వాతావరణం బాగోలేదు. దారి తప్పి, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పారాచూట్‌తో దూకారు. కాపాడాలని హాస్‌ల్మియర్ నౌక కెప్టెన్ వాల్టర్ ఫ్లెచర్ మంచులాంటి నీళ్లలోకి దూకారు.. ఆయన ప్రాణం కూడా పోయింది. అమీ మృతదేహం దొరకనే లేదు. వయసు 37.

ఆమెకు సమాధి లేదు. కానీ ఆమె స్వయంగా సర్వీసింగ్ చేసుకున్న జేసన్ మాత్రం ఇప్పటికీ ఉంది. లండన్ వెళ్తే ఒకసారి చూసి రండి!