సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు. ఇతడు భారత జట్టును రెండు పర్యాయములు ఆసియా క్రీడల విజేతగా నిలిపాడు. అభిమానులు ఇతడిని రహీం సాబ్ అని పిలిచేవారు.

తొలి జీవితం

రహీం హైదరాబాదులో జన్మించాడు. ఉపాధ్యాయునిగా పనిచేస్తూ, 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఇతని శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

భారత జట్టు శిక్షకునిగా

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణ పతకం సాధించింది. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిపోయింది. అప్పట్లో పలువురు భారత ఆటగాళ్ళు బూట్లు లేకుండానే ఆడేవారు. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

మెల్బోర్న్ ఒలింపిక్స్

1956 డిసెంబరు 1న భారత్ ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను వారి గడ్డపైనే 4-2తో ఓడించింది. ఈ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు ఇదే. చివరకు భారత్‌కు నాలుగవ స్థానం దక్కింది. సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం ఈ జట్టులో సభ్యుడు.

చివరి విజయం

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. తొలి పోటీలో భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో ఆడించాడు. ఫైనల్‌లో అదే కొరియాపై భారత్ 2-1తో గెలిచింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌ది, మరొకటి పి.కె.బెనర్జీది.

మరణం

ఆ విజయం తరువాత ఏడాదైనా తిరగకుండానే, 1963 జూన్ 11న రహీం మరణించాడు. ఆ తరువాత భారత పురుషుల జట్టు ఆసియా క్రీడలలో మరల స్వర్ణం గెలవలేదు.