‘పంచమ’ పేరును తిరస్కరించిన భాగ్యరెడ్డి వర్మ

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పాఠంతో పాటు వ్యక్తిత్వ వికాసం కూడా అమ్ముతారు. నీ హద్దులు నీ మనసులోనే ఉన్నాయని, వాటిని తుడిచేస్తే ఉద్యోగం నీదేనని అక్కడి ఉపన్యాసాల సారాంశం. పెద్ద అంబర్‌పేట్, హయత్‌నగర్ వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చే దళిత విద్యార్థులూ ఆ మాటలు వింటారు. వారిలో కొందరు తర్వాత విశ్వవిద్యాలయంలో నా తరగతికి వస్తారు. అర్హత ఉండి కూడా అధ్యాపక పోస్టుకు దరఖాస్తు చేయని వారిని ఏటా చూస్తున్నాను. అది మనకు రాదులే సార్ అంటారు. రిజర్వుడు పోస్టులకు తగిన అభ్యర్థి దొరకలేదని ఇంటర్వ్యూ బోర్డులు రాసే ఈ దేశంలో దానిని కేవలం మనోదౌర్బల్యమని ఎలా అనగలం? ఆ సంశయం వారు పుట్టించుకున్నది కాదు, ఇతరులు వారిలో నాటినది. నాటినదాన్ని పెకలించడానికి జీవితమంతా వెచ్చించిన మనిషి ఈ నగరంలోనే ఉండేవారు.

మాదరి భాగయ్య 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి వెంకయ్య త్వరగా పోయారు. తల్లి రంగమాంబ కష్టపడి పిల్లలను సాకారు. బాల్యంలోనే ఇల్లు విడిచిన భాగయ్య, బారిస్టర్ డాస్ శాంటోస్ ఇంట పనివాడిగా చేరారు. చదవడం, రాయడం, లోకం పోకడ తెలుసుకోవడం అక్కడే జరిగింది. ఆయన పేరు చివర రెడ్డి అని చేర్చినవారు కుటుంబ గురువు. ఈ నేల ఆదివాసులే ఒకనాటి పాలకులని, రేడు అన్న మాటే రెడ్డి అయిందని ఆయన భావన. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం ఇచ్చిన గౌరవం. గురువు చెప్పిన వ్యుత్పత్తిని భాషావేత్తలు ఒప్పుకుంటారా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. నీవు తక్కువవాడివి కావని ఎవరో పెద్దవారు చెప్పగా ఒక పిల్లవాడు విన్నాడు. మన పిల్లల్లో ఎందరికి ఆ అదృష్టం ఉంది?

1906లో వర్మ జగన్మిత్ర మండలి స్థాపించారు. ఆయన ఉపన్యాసాలతో ఆగలేదు. చదువురాని వాడలకు హరికథలు, భజనలు తీసుకువెళ్లారు. 1911లో ఆ మండలి మన్య సంఘమైంది. తాగుడు మానమని, ఆడపిల్లలను జోగినులుగా వదలవద్దని ఇంటింటికీ చెప్పారు. తగాదాలు తీర్చుకునేందుకు సొంత పంచాయతీ వ్యవస్థను నిలబెట్టారు. 1910లో ఇసామియా బజారులో మొదటి బడి తెరిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో అంటరాని పిల్లలకు తెలుగులో చదువు చెప్పించడం చిన్న సంగతి కాదు. 1930ల తొలినాళ్లకు ఆ బడులు పాతిక వరకు పెరిగాయి. ఆత్మవిశ్వాసం అని మనం పిలిచేది వర్మ దృష్టిలో ఒక బడి, ఒక పలక, జీతం తీసుకునే ఒక పంతులు.

1917 నవంబరులో బెజవాడలో జరిగిన ఆంధ్రదేశ పంచమ మహాసభకు ఆయన అధ్యక్షులు. సభకు వచ్చినవారు గుడిలోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ ఆలయాన్ని మూసివేశారు. వర్మ ఆ తలుపుల గురించి కాక సభ పేరు గురించి పట్టుబట్టారు. పురాణాల్లోనూ చరిత్రలోనూ పంచమ అన్న వర్ణమే లేదని, ఈ నేల మొదటి మనుషులను అయిదోవారిగా లెక్కించడం కుదరదని వాదించారు. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను అధికారికంగా అంగీకరించింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలోని అంటరాని కులాలు ఆది హిందువులుగా నమోదయ్యాయి. పేరు మారితే పొట్ట నిండుతుందా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. తనను తాను పిలుచుకోవడానికి అవమానం తప్ప మరో మాట లేనివాడు దరఖాస్తు కాగితం ముందు ఎలా కూర్చుంటాడో నాకు తెలుసు కనుక, ఆ ప్రశ్నను నేను అంత తేలిగ్గా అడగలేను.

ఇదంతా నిష్కళంక విజయగాథ అని చెప్పను. హైదరాబాదు దళితోద్యమం ఏనాడూ ఒకే గొంతుతో మాట్లాడలేదు. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు వేరు దారుల్లో నడిచారు. ఆది హిందువు అన్న ఒక్క పేరు కింద మాల, మాదిగల మధ్య దూరం కరిగిపోలేదు. ఆ లోటు నేటి రాజకీయాల్లోనూ కనిపిస్తోంది. అయినా 1930లో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ మహాసభలో, రౌండ్ టేబుల్ సమావేశానికి అణగారిన వర్గాల ప్రతినిధిగా అంబేడ్కర్‌ను బలపరచడంలో వర్మ ముందున్నారు. ఈ తెలుగు మనిషి చూపు వాడ దాటి ఎంత దూరం పోయిందో అది చెబుతుంది.

బ్రహ్మసమాజం, ఆర్యసమాజం రెండింటితోనూ పనిచేసిన వర్మ వాటిలో ఇమిడిపోలేదు. హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించారు, కుమారుడికి గౌతమ్ అని పేరు పెట్టారు. 1939 ఫిబ్రవరి 18న, యాభై ఒకటో ఏట కన్నుమూశారు. పెద్ద అంబర్‌పేట్ నుంచి నగరంలోకి వచ్చే విజయవాడ రహదారి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి చాదర్‌ఘాట్ చేరుతుంది. మూసీకి అవతల, అక్కడికి దగ్గరలోనే ఇసామియా బజారు. నా విద్యార్థుల్లో చాలామంది రోజూ ఆ దారినే వస్తారు. ఆయన పేరు వారి ఏ పాఠ్యపుస్తకంలో చదివారో అడిగితే, ఇంతవరకు చెప్పినవారు ఇద్దరే.