ధాత కరవున లెక్క విడువని వైద్యుడు

మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిన క్షామము 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించెను. నాటికి అనంతపురము జిల్లా యేర్పడలేదు. 1882 వరకు మన బెళుగుప్ప సీమ బళ్ళారి జిల్లాలోనిదే. ఆ కరవునాట చావుల లెక్కను చేతబట్టి, ఏలినవారితోనే వాదించిన యొక వైద్యుని చరిత్ర ఈ రజతోత్సవ సంచికయం దుండదగినది.

ఆయన విలియం రాబర్టు కార్నిషు. 1828లో జన్మించిన ఆంగ్లేయుడు. మదరాసు ప్రభుత్వ వైద్యశాఖయందు చేరి ముప్పదియేండ్లకు పైగా ఈ దేశముననే కొలువు చేసెను. 1863లో ఈ రాజధానిలోని ప్రజల యాహారమును, జిల్లా జైళ్ళలోని ఖైదీల భోజనమును గూర్చిన గ్రంథమును ప్రకటించెను. 1871 జనాభా లెక్కల నివేదికను రచించినవాడును ఆయనయే. జనులు ఏమి తిందురు, ఎంద రున్నారు అను రెండు విషయములును ఆయనకు కరతలామలకములు.

కరవునాటికి ఆయన శానిటరీ కమీషనరు. ఊరూర గ్రామాధికారులు వ్రాసిన జనన మరణముల పట్టీలు తాలూకా కచ్చేరి మీదుగా ఆయన కార్యాలయమునకు చేరుచుండెను. ఎచ్చట వాంతిభేది పుట్టినది, ఎచ్చట మశూచికము సోకినది, ఎచ్చట చావులు వాడుకకు మించినవి అనునది ఆ పట్టీల వలననే తెలియవలెను.

1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టను ప్రభువు పంపగా సర్ రిచర్డు టెంపులు మదరాసునకు వచ్చెను. 1874 నాటి బీహారు కరవున ధారాళముగా వ్యయపరచి నిందపడినవా డగుటచే, ఈసారి బొక్కసమును కాపాడ దలచెను. కరవుపనిలో కష్టించు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము వెలయు, పైన ఒక అణాయు చాలునని నిర్ణయించెను. పౌననగా నేటి తూకమున సుమారు 450 గ్రాములు.

కార్నిషు దీని నొప్పుకొనలేదు. కష్టించువానికి ఒకటిన్నర పౌను ధాన్యమును, దానితో పప్పును, కూరయు కావలెననెను. ఖైదీల భోజనమును తూచిచూచిన యనుభవము ఆయనకు బలమయ్యెను. శిబిరములలోని చావులను, కూలీల కృశత్వమును ప్రభుత్వము ముందుంచెను. వాదములు పత్రికల కెక్కెను. తుదకు 1877లో మదరాసు ప్రభుత్వము కూలిని పెంచినది. అప్పటికే ఎందరో నేల కొరిగిరి.

ఈ లెక్కయందొక చిక్కు గలదు. ఆకలిచే కృశించినవాడు విరేచనములతోనో, నీరుపట్టియో చచ్చును. పట్టీలో రోగము పేరే యెక్కును గాని ఆకలి పేరెక్కదు. ఊరు విడిచి బాటలో కూలినవాడు ఏ యూరి పట్టీకిని ఎక్కడు. అందుచే వ్రాసిన చావులకంటె వ్రాయని చావులే భయంకరములు. మన జిల్లా గ్రామములలో 1871న 7 లక్షల 40 వేలకు పైగా నుండిన జనము 1881 నాటికి 6 లక్షలకు లోపయ్యెను. పదియేండ్లలో పెరుగవలసిన జనము ఇట్లు తరిగిపోయినది.

1880లో క్షామ విచారణసంఘము తన నివేదికను వెలువరించెను. పిదప కరవు నిబంధనలు పుట్టెను. కార్నిషు మదరాసు వైద్యశాఖకు అధిపతి యగు సర్జను జనరలై, తరువాత స్వదేశమునకు మరలి 1896లో కీర్తిశేషుడయ్యెను. ఆయన పరప్రభుత్వపు సేవకుడే. ఆ ప్రభుత్వపు దోషములను మనము మరువరాదు. కాని ఉన్న లెక్కను దాచక, పైవారికి రుచింపకున్నను చెప్పిన ధైర్యము ఏ దేశమువానియందున్నను గౌరవింపదగినదే.

గ్రామ లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఈ చరిత్ర ఒక హెచ్చరిక. 1969 చట్టముచే జనన మరణముల నమోదు దేశమంతటను విధియైనది. దానిని కచ్చేరీవారి పీడగా తలపక, మన యింట జరిగిన ప్రతి జననమును, ప్రతి మరణమును కారణముతో సహా సకాలమున వ్రాయింతము. నేడొక యింట వ్రాయించిన వ్యాధి పేరు రేపు పొరుగింటి బిడ్డను కాపాడవచ్చును.