స్కూటర్ మీంచి కారు మీదికి

ఈసారి గోడపత్రికకి తలా ఒక పాతకాలపు ప్రముఖుల జీవితం రాయాలని అనుకున్నాం. కవుల్నీ సంస్కర్తల్నీ మా క్లాసువాళ్ళు ముందే పంచేసుకున్నారు. నా వంతు వచ్చేసరికి నీకేది ఇష్టమో అది రాయమన్నారు. నాకు సినిమాల్లో కార్ ఛేజ్‌లంటే ఇష్టం అన్నాను. అందరూ నవ్వారు. జీవితచరిత్రకీ కార్ ఛేజ్‌కీ ఏం సంబంధం అని. ఉంది, చెప్తాను.

ఇంగ్లీషులో 'బుల్లిట్' (1968) అని ఒక సినిమా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎత్తుపల్లాల రోడ్ల మీద ఒక మస్టాంగ్, ఒక డాడ్జ్ ఛార్జర్ పదినిమిషాలకు పైగా తరుముకుంటాయి. ఛేజ్ అంటే ప్రపంచమంతా ముందు దాని పేరే చెప్తుంది. నా లిస్టులో మాత్రం దానికి రెండో స్థానమే. మొదటి స్థానం మన తెలుగు 'తేనె మనసులు'కి. అది 'బుల్లిట్' కంటే మూడేళ్ళు ముందు, 1965లో వచ్చింది. అందులో ఉన్నదల్లా ఒక స్కూటర్, ఒక కారు. కారు ముందు పోతుంటే హీరో స్కూటర్ మీద వెంటపడి, ఆ స్కూటర్‌ని వదిలేసి కారు మీదికి దూకేస్తాడు. ఆ హీరో కృష్ణ గారు. హీరోగా ఆయనకి అదే మొదటి సినిమా. డూప్ లేడు. తనే దూకారు.

కృష్ణ గారి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది కెమెరా ఇవతల నిలబడి ఆ దూకుడు తీయించిన మనిషి గురించి. ఆయన ఆదుర్తి సుబ్బారావు గారు.

ఆదుర్తి గారు 1912 డిసెంబరు 16న రాజమండ్రిలో పుట్టారు. బొంబాయి వెళ్ళి ఫోటోగ్రఫీ చదివారు. అక్కడే ఫిల్ము కడిగి ప్రింటు వేసే పనిలో చేరి, మెల్లగా ఎడిటింగ్‌లోకి వచ్చారు. నాట్యకారుడు ఉదయశంకర్ మద్రాసు జెమినీ స్టూడియోలో తీసిన 'కల్పన' (1948)కి కూడా పనిచేశారు. అంటే ఆయన డైరెక్టర్ కాకముందే కత్తెర పట్టిన మనిషి. ఈ సంగతి నాకు చాలా ముఖ్యం అనిపించింది. ఎందుకంటే ఛేజ్ అనేది సగం రోడ్డు మీద తయారైతే, సగం ఎడిటింగ్ టేబుల్ మీద తయారవుతుంది.

ఎలాగంటారా? ముందు కారు చక్రం చూపిస్తారు. తర్వాత వెంటపడేవాడి మొహం. తర్వాత రోడ్డు. మళ్ళీ కారు. ఈ ముక్కలన్నీ వేరువేరు రోజుల్లో, వేరువేరు చోట్ల తీసి ఉండొచ్చు. కానీ ఒక ముక్కలో కారు ఎడమ నుంచి కుడికి పోతుంటే, తర్వాతి ముక్కలోనూ అటే పోవాలి. లేకపోతే వెనక్కి తిరిగిందేమో అని మనకి కన్‌ఫ్యూజన్ వస్తుంది. ముక్కలు పొట్టిగా అయ్యేకొద్దీ మన గుండె వేగం పెరుగుతుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు ఆడతాయి. తీసేటప్పుడు కెమెరాని సెకనుకి 18 ఫ్రేములకి తగ్గించి తీస్తే, తెర మీద అదే కారు ఇంకా జోరుగా పోతున్నట్టు కనిపిస్తుంది. అందుకే మామూలు స్పీడులో నడిపిన బండి కూడా సినిమాలో గాల్లో తేలిపోతుంది.

ఆదుర్తి గారు 1954లో 'అమర సందేశం'తో డైరెక్టర్ అయ్యారు. పేరు తెచ్చింది మాత్రం 1957లో అన్నపూర్ణ వారికి తీసిన 'తోడికోడళ్ళు'. అదే కథని తమిళంలో 'ఎంగళ్ వీట్టు మహాలక్ష్మి'గా కూడా ఆయనే తీశారు. 'మాంగల్య బలం' (1959) తీస్తే తమిళంలో 'మంజళ్ మహిమై' అయింది. తమిళంలో ముందుగా 'కుముదం' (1961) తీసి, దాన్నే తెలుగులో 'మంచి మనసులు' (1962) చేశారు.

ఇది మా ఇంటి కథలాగే ఉంది. మా తిరుత్తణి వైపు ఊళ్ళు 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేవి, తర్వాత మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాయి. మా అత్తిమంజేరిపేటలో ఇప్పటికీ ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో తమిళం. మా ఇంట్లో అయితే ఒకే వంటింట్లో రెండూ. అమ్మవాళ్ళ అమ్మ నాకు అవ్వ, అప్పావాళ్ళ అమ్మ నాకు ఆయా. అవ్వ 'మంచి మనసులు' చూసి ఏడ్చిందంట, ఆయా 'కుముదం' చూసి ఏడ్చిందంట. ఇద్దరూ టెంటు కొట్టాయిలో నేల మీద కూర్చుని చూసినవాళ్ళే. ఎవరి సినిమా గొప్పదని ఇద్దరూ వాదించుకుంటుంటే, రెండూ ఒకాయనే తీశారని నేను చెప్పాను. ఇద్దరూ నమ్మలేదు.

'తోడికోడళ్ళు'లో ఒక కారు పాట ఉంది. ఆత్రేయ గారు రాశారు, ఘంటసాల గారు పాడారు. చాలామంది అది శ్రీశ్రీ గారి పాట అనుకుంటారు. కారెక్కి తిరిగే పడుచుపిల్లని హీరో ప్రశ్నలు అడుగుతాడు. నువ్వుండే మేడకి రాయి ఎవరు మోసారు, నువ్వు కట్టిన చీర ఎవరు నేసారు అని. చిరుగుబట్టలు కట్టుకున్న నేతగాళ్ళే ఆ చీర నేసారని జవాబు కూడా ఆయనే చెప్తాడు. మగ్గాల చప్పుడుతో నిద్రలేచే మాలాంటి వాళ్ళకి ఆ పాట వింటే ఒక్క క్షణం గొంతు పట్టేస్తుంది. మా ఇంట్లోనూ పవర్‌లూమ్ ఉంది. మేం నేసిన లుంగీ ఎవరు కట్టుకుంటారో మాకు తెలీదు. కట్టుకున్నవాళ్ళకి మేం తెలీదు.

ఆ తర్వాత ఆదుర్తి గారికి తిరుగులేకపోయింది. 'నమ్మిన బంటు', 'వెలుగు నీడలు', 'ఇద్దరు మిత్రులు', 'చదువుకున్న అమ్మాయిలు' ఇలా వరస. 1964లో 'మూగ మనసులు', 'డాక్టర్ చక్రవర్తి' రెండూ వచ్చాయి. మన రాష్ట్రప్రభుత్వం మొదలుపెట్టిన నంది అవార్డుల్లో మొట్టమొదటి బంగారు నంది 'డాక్టర్ చక్రవర్తి'కే. మన రాష్ట్రం అని అలవాటుగా రాసేశాను, ఆంధ్రప్రదేశ్ అని చదువుకోండి.

అంత పేరు వచ్చాక ఎవరైనా నాగేశ్వరరావు గారితోనో సావిత్రి గారితోనో ఇంకో సినిమా తీస్తారు. ఆదుర్తి గారు అలా చేయలేదు. అందరూ కొత్తవాళ్ళే కావాలని ప్రకటన వేశారు. బుర్రిపాలెం కుర్రాడు కృష్ణ, రామమోహన్, సుకన్య, సంధ్యారాణి అలా వచ్చారు. పైగా సినిమా కలర్‌లో. తెలుగులో మొదటి కలర్ సాంఘిక చిత్రం అదేనని చెప్తారు. కొంత షూటింగ్ అయ్యాక చూసినవాళ్ళు కృష్ణ పనికిరాడు, మార్చేయమని సలహా ఇచ్చారు. ఆదుర్తి గారు మార్చలేదు. డబ్బు పోయినా, పేరు పోయినా పోయేది ఆయనదే. అయినా ఆ కుర్రాడి పక్కనే నిలబడ్డారు.

ఆ కుర్రాడే స్కూటర్ వదిలేసి దూకాడు. ఆ సీన్ చూసిన నిర్మాత డూండీ గారు తన 'గూఢచారి 116' (1966)కి కృష్ణ గారిని తీసుకున్నారు. అక్కణ్ణుంచి ఆయన ఆంధ్రా జేమ్స్‌బాండ్. కుటుంబకథలు, కన్నీళ్ళు తీసే డైరెక్టర్ చేతిలోంచి మన యాక్షన్ హీరో పుట్టాడంటే నాకు భలే సరదాగా అనిపించింది.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఇది సంతోషంగా ముగిసే వ్యాసం. కానీ పొంగల్ సెలవుల్లో ఒకటి జరిగింది.

మా అన్న, అతని ఫ్రెండ్స్ పళ్ళిపట్టు రోడ్డు మీద వీడియో తీసుకుంటున్నారు. అన్న నడుస్తున్న బైక్ మీద లేచి నిలబడ్డాడు. వీడియోలో మూడు సెకన్లు బాగానే ఉంది. నాలుగో సెకనులో కింద ఉన్నాడు. మోచేయి విరిగింది. మా మగ్గం నడిపేది అన్నే. చేయి బాగయ్యేదాకా అప్పా పగలూ రాత్రీ తనే మగ్గం దగ్గర నిలబడ్డారు. ఆ మూడు సెకన్ల వీడియోకి వచ్చిన లైకులు చూసి అన్న నవ్వాడు. అప్పా కాళ్ళ వాపు చూసి అమ్మ ఏడ్చింది. నాకు ఇష్టమైన సీన్లన్నీ ఆ రోజు నుంచి కొంచెం వేరేగా కనిపించడం మొదలయ్యాయి. వాటిని వాడికి చూపించి చూపించి నేర్పింది కూడా నేనే కదా.

అప్పుడు మళ్ళీ 'తేనె మనసులు' చూశా. తోచిందేమిటంటే, వేగాన్ని కత్తెరతో పుట్టించొచ్చు. కెమెరా తగ్గించి పుట్టించొచ్చు. కానీ దూకే ఒళ్ళు మాత్రం నిజం ఒళ్ళే. 'బుల్లిట్'లో హీరో స్టీవ్ మెక్వీన్ కొంతవరకు తనే నడిపినా, ప్రమాదమైన చోట్ల కారు నడిపింది బడ్ ఎకిన్స్ లాంటి స్టంట్ డ్రైవర్లు. ఆ సినిమా ఎడిటింగ్‌కి ఫ్రాంక్ కెల్లర్‌కి ఆస్కార్ వచ్చింది. స్టంట్ చేసినవాళ్ళ పేరు పోస్టరు మీద ఉండదు. హీరో తనే దూకితే చరిత్రలో రాస్తారు. డూప్ దూకితే అది హీరో ఖాతాలో పడుతుంది. చీర నేసింది ఎవరని అడిగిన పాట తీసిన మనిషి సినిమా చూస్తూ, ఈ దెబ్బ తగిలేది ఎవరికి అని నేను అడక్కుండా ఉండలేకపోయాను. కృష్ణ గారు క్షేమంగా దిగారు కాబట్టి ఆ సీన్ మనకి సరదా. ఒక జానెడు తప్పి ఉంటే ఆదుర్తి గారు నమ్మి తెచ్చిన కుర్రాడి కథ అక్కడే ఆగిపోయేది. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గలేదు. కానీ ఈ ప్రశ్న కూడా పోలేదు.

ఆదుర్తి గారి తర్వాతి జీవితం చదివితే నాకు కొంచెం ఊరట కలిగింది. ఆయన హిందీకి వెళ్ళి 'మూగ మనసులు'ని సునీల్ దత్, నూతన్‌లతో 'మిలన్' (1967)గా తీశారు. సునీల్ దత్ నిర్మించిన 'మన్ కా మీత్'లోనూ కొత్తవాళ్ళనే తీసుకున్నారు. వినోద్ ఖన్నా తొలి సినిమా అదే. ఇక్కడ నాగేశ్వరరావు గారూ, ఆయనా కలిసి లాభం చూసుకోకుండా 'సుడిగుండాలు' (1968) తీశారు. థ్రిల్ కోసం ఒక పసివాణ్ణి చంపిన కాలేజీ కుర్రాళ్ళ కథ అది. వాళ్ళు అలా ఎందుకు అయ్యారు, తప్పు ఎవరిది అని అడిగే సినిమా. థ్రిల్ చూపించి చప్పట్లు కొట్టించుకున్న మనిషే మూడేళ్ళకి థ్రిల్ గురించి భయపడ్డాడు అని నాకు అర్థమైంది. అన్న ఆ సినిమా మొదట్లో బోర్ అన్నాడు. సగం అయ్యాక ఫోన్ పక్కన పెట్టేశాడు.

ఆ తర్వాత కృష్ణ గారితో 'మాయదారి మల్లిగాడు' (1973), 'గాజుల కిష్టయ్య' (1975) తీశారు. అక్కినేనితో 'మహాకవి క్షేత్రయ్య' మొదలుపెట్టారు గానీ పూర్తి చేయలేకపోయారు. 1975 అక్టోబరు 1న మద్రాసులో కన్నుమూశారు. 62 ఏళ్ళు. మిగిలిన సినిమాని సి.ఎస్. రావు గారు పూర్తి చేశారు. ఆయన దగ్గర పనిచేసిన కె. విశ్వనాథ్ గారు తర్వాత ఎంత పెద్ద దర్శకులయ్యారో మీ అందరికీ తెలుసు.

అన్న చేయి ఇప్పుడు బాగైంది. మగ్గం మళ్ళీ వాడి చేతికే వచ్చింది. మోచేయి పూర్తిగా చాచలేడు, అంతే. కార్ ఛేజ్‌లు చూడటం నేను మానలేదు, మానను కూడా. కానీ ఒక అలవాటు వచ్చింది. పాత సినిమాల్లో పేర్లు ముందే పడతాయి కదా. ఛేజ్ నచ్చితే సినిమాని మొదటికి జరిపి ఎడిటింగ్ ఎవరు, కెమెరా ఎవరు, ఫైట్స్ ఎవరు అని చదువుతా. తెలిసిన పేరు ఒకటో రెండో ఉంటుంది. మిగిలినవి పైకి గట్టిగా చదువుతా. అవ్వకీ ఆయాకీ చదవడం రాదు, అందుకని వింటారు.