ఆస్వాల్డ్ ఏవరీ మహాశయుడు

లోకమునకు మహోపకారము చేసినవారిలో కొందరి నామము ఇంటింట వినబడును. కొందరిది గ్రంథములందే నిలిచిపోవును. బాక్టీరియాల జన్యువులను కోరిన చోట ఖండించి, కోరిన రీతిగా దిద్దు విద్యను గూర్చి నేడు మనము తఱచుగా వినుచున్నాము. ఆ విద్యకు పునాది వేసిన ఏవరీ మహాశయుని ఎఱిగినవారు మన విద్యార్థులలో అరుదు. కావున ఆయన చరిత్రమును సంగ్రహముగా విన్నవింపదలచితిమి.

ఈయన 1877 వ సంవత్సరము అక్టోబరు 21 వ తేదీన కెనడా దేశమందలి హాలిఫాక్సు నగరమున జన్మించెను. తండ్రి బాప్టిస్టు బోధకుడు. బాలునకు పదియేండ్ల ప్రాయమున ఆ కుటుంబము న్యూయార్కునకు తరలిపోయెను. ఏవరీ కార్నెట్ అను వాద్యమునందు నేర్పరి. 1900 లో కాల్గేటునందు పట్టభద్రుడై, 1904 లో కొలంబియా విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును పొందెను. కొంతకాలము వైద్యము చేసెను గాని, మందులేని రోగముల యెదుట చేతులు ముడుచుకొని నిలుచుట ఆయనకు సహింపరానిదయ్యెను. రోగమూలమును వెదకనెంచి 1907 లో ప్రయోగశాలను ఆశ్రయించెను. 1913 లో రాక్‌ఫెల్లర్ సంస్థవారి వైద్యశాలలో చేరి, ముప్పది యేండ్లకు పైగా న్యుమోకాకస్ అను నొక్క సూక్ష్మజీవినే శోధించెను. న్యుమోనియా జ్వరమునకు ముఖ్యకారణము ఈ జీవియే.

1928 లో ఇంగ్లండునందు గ్రిఫిత్ అను వైద్యుడొక వింతను ప్రకటించెను. కవచము గల న్యుమోకాకస్ ప్రాణాంతకము. కవచము లేనిది నిరపాయము. కాచి చంపిన కవచధారులను, సజీవములైన కవచహీనులను కలిపి చుంచెలుకలకు ఎక్కింపగా అవి చచ్చెను. వాని రక్తమున సజీవములైన కవచధారులు కానవచ్చెను. వాని సంతతియు కవచముతోనే పుట్టెను. చచ్చినది బ్రతికినదానికి తన గుణమును దానము చేసెనన్నమాట! ఏవరీ మొదట దీనిని నమ్మలేదు. కాని తన ప్రయోగశాలలోనే సహచరులు దానిని గాజుగొట్టమునందు సాధించి చూపగా, తన సందేహమును విడిచి, ఆ గుణదాత యెవరో కనుగొన నిశ్చయించెను.

జీవుల గుణములు మాంసకృత్తులందే యుండునని నాటి పండితులలో పెక్కండ్రు తలచిరి. ఏవరీ, మక్లౌడ్, మకార్టీ అను మువ్వురును పెద్దపెద్ద పాత్రలలో లీటర్లకొలది సూక్ష్మజీవులను పెంచి, పాలనుండి వెన్న తీయుయంత్రము వంటి దానితో వడిగా త్రిప్పి, వానిని వేరుచేసి శోధించిరి. ఎన్నియో మారులు ఫలము దక్కలేదు. తుదకు శుద్ధపదార్థము లభించెను. మాంసకృత్తులను జీర్ణించు ఎంజైములు దాని శక్తిని చెఱుపలేదు, డి.ఎన్.ఏ. ను చెఱుపు ఎంజైములు మాత్రము చెఱిచెను. 60 కోట్ల పాళ్లలో 1 పాలుగా పలుచబడినను అది గుణమును మార్పజాలెను. 1944 ఫిబ్రవరిలో ఈ వృత్తాంతము ప్రకటింపబడెను. ఏవరీకి అప్పటికి అరువదియారేండ్లు. గ్రిఫిత్ 1941 లోనే లండనుపై పడిన బాంబులకు బలియయ్యెను గాన, తాను నాటిన విత్తు ఫలించుట చూడడయ్యెను.

అయినను కొందఱు పండితులు ఆ పదార్థమున మాంసకృత్తు లేశమైన మిగిలియుండునని వాదించిరి. ఏవరీ కలహింపలేదు, తాను రుజువు చేసినదానికంటె ఒక్కమాట ఎక్కువ పలుకలేదు. నోబెల్ బహుమానము ఆయనకు రాలేదు. 1955 ఫిబ్రవరి 20 వ తేదీన నాష్‌విల్ నగరమున కాలధర్మము నొందెను.

2013 లో ఆ రాక్‌ఫెల్లర్ విద్యాస్థానమునందే మరఫీనీ మొదలగువారు క్రిస్పర్ అను సాధనముతో ఆ న్యుమోకాకస్ జన్యువులనే దిద్దిరి. వారు క్రొత్త డి.ఎన్.ఏ. ను అందింపగా ఆ జీవి దానిని స్వయముగా లోనికి గైకొనెను. ఏవరీ శోధించిన గుణమిదియే. దిద్దుబాటును పొందని జీవులను క్రిస్పర్ కత్తెర ఖండించి చంపును, పొందినవి బ్రతుకును.

సోదర విద్యార్థులారా! ఒక అల్పజీవిని ఒక జీవితకాలము ఓపికతో చూచినవాని శ్రమ, ఆయన పోయిన ఏబదియెనిమిది యేండ్లకు ఈ రీతిగా ఫలించెను. నమ్మని దానిని పరీక్షించి నమ్ముట, నమ్మినదానిని మితముగా చెప్పుట: ఈ రెండును ఆయన మనకు విడిచిన ధనమని మేము తలచుచున్నాము.